తలనీలాలు తీసుకోని ఊరు

యూరప్ ఎన్నిసార్లు వెళ్ళొచ్చారండీ అని అడుగుతారు. లెక్క పెట్టుకోలేదు. విజయవాడ బెంజ్ సర్కిల్ దగ్గర ఒక ట్రావెల్స్ ఆఫీసులో టూర్ మేనేజరుగా పనిచేసి రిటైరైన సాయిబుని నేను. తొంభైల చివర్లో, రెండు వేల మొదట్లో మన జిల్లా వాళ్ళని బస్సెక్కించి పారిస్ చూపించాను, రోమ్ చూపించాను, మంచు కొండల మీద నిలబెట్టి ఫోటోలు తీశాను. ఇప్పుడు ఈ లైన్లోకి వస్తున్న కుర్రాళ్ళు మీరు నన్ను కూర్చోబెట్టి, ఏదైనా మంచి ఎక్స్‌పీరియన్స్ చెప్పండి సార్ అంటారు. మంచివన్నీ ఆ ఫోటోల్లో ఉన్నాయి, చూసుకోండి. నాకు గుర్తుండిపోయింది మంచిది కాదు. వింటే వినండి, లేకపోతే ఫోన్ చూసుకోండి, నేనేమీ అనుకోను.

ముందు ఆ దేశాల సంగతి ఒకటి చెప్పాలి. అక్కడ ఆదివారమంటే ఆదివారమే. మనకి సెలవు రోజునే బజారు కిటకిటలాడుతుంది. వాళ్ళకి షట్టర్ దించేస్తే ఊరు ఊరంతా కూడబలుక్కుని పడుకున్నట్టుంటుంది. మధ్యాహ్నం భోజనానికి రెండు గంటలు కొట్టు మూసేస్తారు. మీరు గాజు తలుపు బయట నిలబడి ఎంత దణ్ణం పెట్టినా లోపలున్న మనిషి చిరునవ్వు నవ్వి గోడ గడియారం చూపిస్తాడు. మొదట్లో నాకు భలే ముచ్చటేసేది. పని చేసే మనిషికి ఇంత మర్యాద ఉన్న చోటు ఇంకెక్కడా లేదని మా ఆఫీసులో అందరికీ చెప్పేవాణ్ణి. తర్వాత తర్వాత చెప్పడం మానేశాను.

గుణదల కొండ మీకు తెలియనిది కాదు. ఫ్రాన్సులో లూర్దు అనే ఊళ్ళో ఒక గుహలో మేరీమాత కనిపించిందని అక్కడి వాళ్ళ నమ్మకం. ఆ గుహలాగే మన గుణదల కొండ మీద కూడా కట్టుకున్నారు. పేరుకి అది క్రైస్తవుల కొండే గానీ ఎక్కేవాళ్ళలో సగం మంది బొట్టు పెట్టుకున్నవాళ్ళే. కొబ్బరికాయలు కొడతారు, తలనీలాలు ఇస్తారు. నాకు చిన్నప్పుడు జ్వరం తగ్గకపోతే మా అమ్మ కూడా బురఖా వేసుకుని వెళ్ళి కొవ్వొత్తి వెలిగించి వచ్చింది, మా నాన్నకి చెప్పకుండా.

అందుకని లూర్దు ట్రిప్పుకి మాకెప్పుడూ జనానికి కరువుండేది కాదు. ఒక ఫాదర్ గారు గుంపుకి పెద్దగా ఉండేవారు, నేను మేనేజర్ని, భవానీపురం నుంచి ఒక వంట మాస్టారు. ఈ మాస్టారు నాతో ఎన్ని దేశాలు తిరిగాడో, ఏ దేశమూ ఆయనకి నచ్చలేదు. పారిస్ టవరు కింద నిలబడి, ఇక్కడ కరివేపాకు దొరకదు కదండీ, ఎందుకొస్తారో జనం, అనేవాడు.

ఆ ఏడు గుంపులో ఒక తల్లీ కూతురూ ఉన్నారు. ఉయ్యూరు అవతల పల్లెటూరు. వ్యవసాయం చేసుకునే హిందువుల కుటుంబం. ఊడ్పుల రోజులు కావడంతో పిల్ల తండ్రి రాలేదు. కూతురు డిగ్రీ రెండో ఏడు మధ్యలో ఆపేసింది. బ్లడ్ క్యాన్సర్. హైదరాబాద్‌లో వైద్యం చేయించారు. డాక్టర్లు వెళ్ళి రమ్మన్నారో, ఇక మా చేతుల్లో లేదన్నారో ఆ తల్లి నాకు చెప్పలేదు, నేను అడగలేదు. పిల్ల తల మీద ఒక్క వెంట్రుక లేదు. పచ్చపువ్వుల స్కార్ఫ్ కట్టుకుని ఉండేది. తల్లికి మాత్రం జడ నడుం దాటి ఉండేది. నలభై దాటినా ఒక్క తెల్ల వెంట్రుక లేని జుట్టు.

ఆవిడ మా ఆఫీసుకి టిక్కెట్ల కోసం వచ్చినప్పుడు నేను అక్కడే ఉన్నాను. బుకింగ్ చూసే పెద్దాయన ఒకాయన ఉండేవాడు. మనిషి మంచివాడే, నోటికి అడ్డూ ఆపూ లేదు. ఎవరేమడిగినా ఉంటుందండీ, ఎందుకుండదండీ అనడమే. వేడినీళ్ళుంటాయా అంటే ఉంటాయండీ, అక్కడ తెలుగు తెలిసినవాళ్ళుంటారా అంటే ఉంటారండీ. ఆవిడ తలనీలాల సంగతి అడిగింది. గుణదలలో రెండుసార్లు మొక్కుకున్నాను, మాత పలకలేదు, ఈసారి ఆ మాత పుట్టింటికే వెళ్ళి అడుగుతాను, పుట్టింట్లో అడిగితే ఏ ఆడదీ కాదనదు అంది. నా తల మొత్తం అక్కడే ఇస్తానని ముడుపు కట్టానంది. పెద్దాయన క్షణం కూడా ఆలోచించలేదు. "భలేవారే. ఇక్కడే అంత పెద్ద ఏర్పాటు ఉంటే అసలు చోట ఉండదా అమ్మా?" అన్నాడు. నాక్కూడా అది సబబుగానే తోచింది. అంతకు ముందు లూర్దు వెళ్ళినప్పుడు నేను హోటలు, బస్సు, భోజనాలు చూసుకున్నవాణ్ణే గానీ తలనీలాల చోటు ఎక్కడుందని వెతికినవాణ్ణి కాదు. పుణ్యక్షేత్రమంటే గుండు కొట్టేవాళ్ళు లేకుండా ఉంటారని మనలో ఎవరికైనా తోస్తుందా చెప్పండి.

ఆగస్టు నెల, ఒక ఆదివారం మధ్యాహ్నం లూర్దులో దిగాం. మంగళవారం తెల్లారి బయలుదేరాలి. ఆ ఊళ్ళో రోగులకి చేసే మర్యాద చూడాలి మీరు. మా పిల్ల బస్సు దిగి నాలుగడుగులు వేసిందో లేదో, ఎవరో తెలియని కుర్రాడు నీలం గుడ్డ కప్పున్న మూడు చక్రాల బండి తెచ్చి కూర్చోబెట్టి, తనే లాక్కుంటూ తీసుకెళ్ళాడు. ఎదురొచ్చిన జనమంతా పక్కకి తప్పుకుని దారిచ్చారు. తల్లి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఇక్కడ నా బిడ్డకి నయమవుతుందండీ, ఈ మనుషుల్ని చూస్తేనే తెలుస్తోంది అంది.

రోగాలు నయం చేస్తాయని పేరున్న గుహ దగ్గరి చల్లటి ఊట నీళ్ళలో ఇద్దరూ స్నానం చేసొచ్చారు. అప్పుడు ఆవిడ నన్ను పక్కకి పిలిచింది. చేతి సంచీలో కొత్త బ్లేడ్ల పొట్లం, గుండుకి పూసుకోవడానికి గంధం, తలకి చుట్టుకోవడానికి తెల్ల తువ్వాలు. "తలనీలాలు ఎక్కడ తీస్తారండీ సాయిబుగారూ? టోకెన్ ఏమైనా తీసుకోవాలా?" అంది.

కనుక్కొస్తానని వెళ్ళాను. యాత్రికుల ఆఫీసులో ఒక అమ్మాయికి నాకొచ్చిన ముక్కల్లో చెప్పాను. అర్థం కాలేదు. చేత్తో తల గొరుగుతున్నట్టు చూపించాను. ఆ అమ్మాయి కంగారుపడి నన్ను చెయ్యి పట్టుకుని ప్రథమ చికిత్స గదికి తీసుకెళ్ళింది. నా తలకేదో దెబ్బ తగిలిందనుకుంది పాపం. చివరికి ఇంగ్లీషు తెలిసిన పెద్దమనిషి ఒకాయన వచ్చి విన్నాడు. ఇక్కడ అటువంటిది లేదండీ, ఎప్పుడూ లేదు అన్నాడు చాలా మర్యాదగా.

ఆ మాట ఆవిడకి చెప్పడానికి నాకు నోరు రాలేదు. ఫాదర్ గారిచేత చెప్పించాను. మాతకి నీ జుట్టెందుకమ్మా, నీ మనసు చాలు అన్నారాయన. మంచి మాటే. ఆవిడ చేతులు కట్టుకుని వింది.

"మనసు ఎప్పుడో ఇచ్చేశాను ఫాదర్ గారూ. అది చాల్లేదు కదా. నా దగ్గర మిగిలింది ఇదొక్కటే," అంది.

 ఆయన జపమాల తీసి పిల్ల పేరున జపం మొదలెట్టారు.

రాత్రి అన్నాల దగ్గర వంట మాస్టారికి ఈ సంగతి తెలిసింది. నా దగ్గర రేజరుంది, హోటలు బాత్రూంలో తీసేస్తే పోలా అన్నాడు. అన్నాడే గానీ మళ్ళీ తనే వెనక్కి తగ్గాడు. ముత్తైదువ తల మీద నేను చెయ్యేస్తే నా ఇంటికి మంచిది కాదండీ, నాకూ ఆడపిల్లలున్నారు అన్నాడు. ఆయన ఒప్పుకున్నా ఆవిడ ఒప్పుకునేది కాదు. మొక్కంటే మాత ఊళ్ళో, నలుగురు చూస్తుండగా, ఆ పని తెలిసిన చేత్తో తీరాలంది. "దొంగచాటుగా గీక్కుంటే అది మాతకి ఇచ్చినట్టు ఎలా అవుతుందండీ?" అంది. నాకు తెలిసిన మతంలో కూడా హజ్జుకెళ్ళినవాడు పద్ధతి ప్రకారమే గుండు చేయించుకుంటాడు. ఆవిడ చెప్పింది తప్పనడానికి నాకు నోరెక్కడిది.

సోమవారం పొద్దున్నే ఊరంతా తిరిగాను. కొవ్వొత్తులమ్మే కొట్లు, మాత బొమ్మ సీసాలమ్మే కొట్లు తెరిచే ఉన్నాయి. క్షవరం చేసే షాపులు మాత్రం ఆడవాళ్ళవీ మగవాళ్ళవీ అన్నీ మూత. సోమవారం వాళ్ళకి సెలవట. మంగళవారం తొమ్మిదింటికి తెరుస్తారు. మాకేమో తెల్లారి ఆరింటికి ప్రయాణం. నాలుగు గంటలు ఆలస్యంగా వెళ్దామా అని డ్రైవర్ని బతిమాలాను. పోర్చుగల్ మనిషి, మంచివాడు, పిల్లలున్నవాడు. బస్సులో మీటర్ చూపించాడు. రోజుకి ఇన్ని గంటలే నడపాలని చట్టం, దాటితే లైసెన్సు పోతుంది, మర్నాడు రాత్రి మనం పడుకోవాల్సిన ఊరు చాలా దూరం అన్నాడు. మన దగ్గరైతే డ్రైవర్‌కి ఒక టీ తాగించి ఎలాగోలా లాగించేవాళ్ళం. అక్కడ ఎలాగోలా అనే మాటే లేదు. ఆ మాట లేకపోవడాన్నే కదా నేను అన్నేళ్ళూ మెచ్చుకున్నది.

మధ్యాహ్నం గుహ ముందు పారే ఏటి ఒడ్డున పిల్లని బండిలో కూర్చోబెట్టి తల్లి గుహ దగ్గరికి వెళ్ళింది, కాసేపు చూస్తుండండి అని నాకు చెప్పి. ఆ పిల్ల ఎప్పుడూ పెద్దగా మాట్లాడేది కాదు. ఆ రోజు తనే మొదలెట్టింది.

"అంకుల్, ఒకటి చెప్తాను, అమ్మకి చెప్పకండి. గుండు చేసేవాళ్ళు దొరక్కపోతే దొరకలేదనెయ్యండి. మరీ అంతలా వెతకొద్దు."

అదేంటమ్మా అన్నాను. పిల్ల నవ్వింది.

"హాస్పిటల్లో రాత్రిళ్ళు అమ్మ జడ పట్టుకుని పడుకుంటాను. సూదులప్పుడు కూడా అదే పట్టుకుంటాను. అదీ లేకపోతే నేనేం పట్టుకోను?"

 నాకూ కూతుళ్ళున్నారు. తల్లి మొక్కు తీరాలని పొద్దుట్నించి తిరుగుతున్నవాణ్ణి, తీరకపోతే బాగుండునని అప్పుడనిపించింది. రెండూ ఒక్క మనిషికి ఎలా అనిపిస్తాయో నాకు తెలియదు.

సాయంత్రం హోటలు యజమానురాలు నన్ను వెతుక్కుంటూ వచ్చింది. ఐర్లండు యాత్రికులు ఎక్కువగా దిగడం వల్ల ఆవిడకి ఇంగ్లీషు వచ్చు. పొద్దున్న నా పాట్లు విని జాలిపడినట్టుంది. పక్క వీధిలో ఒక పెద్దావిడ సెలూన్ ఉంది, పైనే కాపురం, నేనడిగితే తలుపు తీస్తుంది రండి అంది. తల్లికి ఆ మాట చెప్పగానే మొహం ఎంత వెలిగిందో. సంచీ అందుకుని చెప్పులేసుకుంది. పిల్ల నా వైపు ఒకసారి చూసి తల దించుకుంది.

నలుగురం వెళ్ళాం. పెద్దావిడకి అరవై అయిదు పైనే ఉంటాయి. సన్నటి మనిషి, ఇస్త్రీ చేసిన తెల్ల కోటు. సెలవు రోజైనా దీపాలు వేసి, కుర్చీ తుడిచి, పిల్ల తల్లిని కూర్చోబెట్టింది. జడ విప్పి చూసి ఆశ్చర్యపోయింది. ఇటువంటి జుట్టు ఈ షాపులో ఎప్పుడూ చూడలేదంది. ఎంత వరకు కత్తిరించాలి, భుజాల దాకానా అని అడిగింది. నేను ఇంగ్లీషులో హోటలావిడకి చెప్పాను, ఆవిడ ఫ్రెంచిలో పెద్దావిడకి చెప్పింది. మొత్తం తియ్యాలి, తల నున్నగా చెయ్యాలి, మొక్కు అని.

పెద్దావిడ చేతిలో దువ్వెన కింద పెట్టేసింది. మొహంలో రంగు పోయింది. చెయ్యనంది. ఎందుకని అడిగితే గోడకానుకుని నిలబడి మెల్లిగా చెప్పడం మొదలెట్టింది. తనకి పదేళ్ళప్పుడు, పెద్ద యుద్ధంలో జర్మనీ సైన్యం వాళ్ళ ఊరు వదిలి వెళ్ళిపోయిన వేసవిలో, ఊళ్ళోవాళ్ళు ఆడపిల్లల్ని కొందర్ని పట్టుకున్నారట. శత్రువులతో స్నేహం చేశారని. చౌరస్తాలో కుర్చీ వేసి, ఒక్కొక్కర్నీ కూర్చోబెట్టి, అందరూ చూస్తుండగా గుండు గీశారట. అందులో వాళ్ళక్క ఒకతె. ఊరంతా చుట్టూ నిలబడి నవ్వారట, పక్కింటివాళ్ళు కూడా. అక్క తర్వాత ఎప్పుడూ ఆ వీధిలో నడవలేదు. నేనీ పని నేర్చుకున్నది నా కుర్చీలోంచి లేచే ఏ ఆడమనిషీ తల దించుకుని వెళ్ళకూడదని, అంది.

నేను ఒక్కో మాటా తెలుగులో చెబుతుంటే తల్లి అద్దంలో ఆ పెద్దావిడనే చూస్తూ వింది. మన దగ్గర నలుగురిలో గుండు చేయించుకోవడం పుణ్యం. వాళ్ళకి అది మనిషిని చంపకుండా చంపడం. ఎన్నేళ్ళు ఆ దేశాలు తిరిగినా చర్చీలు చూశాను, మ్యూజియాలు చూశాను, ఈ సంగతి నాకు తెలియదు.

"ఇది అవమానం కాదని చెప్పండి సాయిబుగారూ," అంది తల్లి. "నా బిడ్డ కోసమని చెప్పండి. దణ్ణం పెడతానని చెప్పండి."

చెప్పాను. నా మనసులో ఏమున్నా ఒక్క మాట కూడా తగ్గించకుండా చెప్పాను. పెద్దావిడ స్కార్ఫ్ కట్టుకున్న పిల్ల వైపు చూసి కళ్ళు తుడుచుకుంది. ఒక చిన్న పాయ కత్తిరించి ఇస్తాను, అది తీసుకెళ్ళి మాత దగ్గర పెట్టుకోండి అంది. మన తిరుపతిలో ఆడవాళ్ళు మూడు కత్తెర్లిస్తారు కదమ్మా, అలా అనుకోండి అని నేనూ అన్నాను. ఆవిడ తల అడ్డంగా ఊపింది. నేను మొక్కింది తల, మూడు కత్తెర్లు కాదు, మాతతో బేరాలాడనంది.

ఎవరి మాట మీద వాళ్ళున్నారు. కాసేపటికి పెద్దావిడ ఏమనుకుందో, దువ్వెన మళ్ళీ చేతిలోకి తీసుకుంది. తల్లి జుట్టు వేడినీళ్ళతో కడిగి, తుడిచి, ఆరబెట్టి, చిక్కులు తీసి, అరగంట పైన దువ్వింది. తనకి చేతనైన పని అదొక్కటే కదా. తర్వాత జడ అల్లింది. ఎంత చక్కగా అల్లిందో. కుర్చీలో తల్లి మాత్రం ఏడుస్తూనే ఉంది. వెనకాల పిల్ల ఆ జడనే చూస్తూ నవ్వుతోంది. ఆ గదిలో నిలబడలేక నేను వీధిలోకి వచ్చేశాను.

పండక్కి సింగారించుకున్నదానిలా ఆ తల్లి మాత ఊరు వదిలి వచ్చింది. రోమ్‌లో మూడు రోజులున్నా ఏదీ చూడ్డానికి బస్సు దిగలేదు. నేను సీట్ల మధ్య నడుస్తుంటే పిల్ల ఆ జడ కొస చేతికి చుట్టుకుని నిద్రపోతూ కనిపించేది.

డిసెంబరులో కబురొచ్చింది. ఆఫీసులో పెద్దాయన ఆ రోజంతా ఎవరికీ ఉంటుందండీ అనలేదు. నేను వాళ్ళ ఊరు వెళ్ళేసరికి పిల్ల పెద్దకర్మ కూడా అయిపోయింది. గ్రూప్ ఫోటో ఇద్దామని పట్టుకెళ్ళాను గానీ సంచీలోంచి తియ్యలేదు. పిల్ల తండ్రి పొలం వెళ్ళాడు. ఆవిడ వసారాలో చాప మీద కూర్చునుంది. జుట్టు విరబోసుకుని, దువ్వి ఎన్నాళ్ళయిందో తెలియదు.

ఫ్రెంచి పెద్దావిడ మీద కోపం లేదంది. సొంత అక్కకి అలా జరిగాక ఎవరు మాత్రం చేస్తారు పాపం అంది. తన మీదే తనకి కోపం. బాత్రూంలోనో, దొంగచాటుగానో, ఎలాగోలా ఇచ్చేసి ఉండాల్సింది, ఆ పట్టుదలకి పోయి బిడ్డని పోగొట్టుకున్నానంది. గుణదల వెళ్ళి ఇచ్చేద్దామంటే కాళ్ళు రావడం లేదంది. "ఇంక దేనికని ఇవ్వను సాయిబుగారూ?" అని నన్నే అడిగింది.

ఆ మాట నేను వినలేకపోయాను. ఇంత బరువు మోస్తూ ఈ మనిషి ఎలా బతుకుతుందనిపించింది. అందుకని చెప్పేశాను. తప్పు మీది కాదమ్మా, పాపే వద్దంది అన్నాను. ఏటి ఒడ్డున తను నన్నడిగిందీ, దొరకలేదనెయ్యమందీ, ఈ జడ పట్టుకుని పడుకుంటానందీ, అన్నీ చెప్పాను. మీ జుట్టు దాని చేతిలోనే ఉందమ్మా చివరిదాకా, దానికి కావాల్సింది అదే అన్నాను. చెబుతూ చెబుతూ ఆవిడ మొహం తేలికపడుతుందని చూస్తున్నాను.

ఆవిడ జుట్టంతా దగ్గరికి లాక్కుని ముడేసుకుంది.

"మొక్కు తీరకపోయినా ఫర్వాలేదందా?"

"నవ్వుతూనే అందమ్మా. చిన్నపిల్ల కదా."

"చిన్నపిల్ల కాదండీ," అంది ఆవిడ.  వాకిట్లోకి చూస్తూ, ఎవరితోనో కాదు, తనలో తనే అన్నట్టు అంది.

"అయితే దానికి ముందే తెలుసు. అన్నాళ్ళూ నమ్మింది నేనొక్కదాన్నేనన్నమాట."